ఎవరెస్ట్ బేస్‌క్యాంప్ నుంచి ఐలాండ్ పీక్ దాకా: దారి, బస, గైడ్లు

ఎవరెస్ట్ బేస్‌క్యాంప్ ట్రెక్‌కి ఐలాండ్ పీక్ కలపాలా వద్దా అని అడిగేవాళ్లకి నా జవాబు ఒకటే. కలపండి, కానీ శిఖరం ఎక్కే రోజుని ముందు పెట్టుకుని మిగతా యాత్రంతా దానికి తగ్గట్టు ప్లాన్ చేసుకోండి. చాలా ప్యాకేజీల్లో ఇది తలకిందులుగా ఉంటుంది. మామూలు ట్రెక్ చివర్లో రెండు రోజులు అతికించి పీక్ కూడా ఉందంటారు. ఖాట్మండు హోటల్‌కి ఎన్ని స్టార్లో మొదటి పేజీలోనే రాస్తారు. శిఖరం మీదికి ఒక్కో గైడ్‌తో ఎంతమంది వెళ్తారో, వాతావరణం చెడితే ఆగడానికి అదనపు రోజు ఉందో లేదో మాత్రం మనం గుచ్చి అడిగితే గానీ చెప్పరు.

ఈ శిఖరానికి ఇంకో పేరు ఇమ్జా త్సే. మ్యాపుల్లో ఎక్కువగా కనిపించే ఎత్తు 6,189 మీటర్లు, కొందరు ఇంకాస్త తక్కువ వేస్తారు. నేపాల్ మౌంటెనీరింగ్ అసోసియేషన్ పర్మిట్ ఇచ్చే ట్రెకింగ్ పీకుల జాబితాలో ఉంది కాబట్టి నడుచుకుంటూ ఎక్కేయొచ్చని అనుకోవద్దు. పైన గ్లేసియర్ (హిమనది) ఉంది, దాని పగుళ్ల మీద నిచ్చెనలు వేసి ఉంటాయి, చివర్లో నిటారైన మంచుగోడ ఉంది. తాడు పట్టుకుని జూమర్‌తో (తాడు మీద పైకే జరిగే పట్టుడు పరికరం) ఎక్కాలి, దిగేటప్పుడు అదే తాడు మీద రాపెల్ చేయాలి, అంటే తాడుకి వేలాడుతూ మెల్లగా జారాలి. డార్జిలింగ్‌లోనో ఉత్తరకాశీలోనో బేసిక్ మౌంటెనీరింగ్ కోర్సు చేసి వచ్చినవాళ్లు మా గుంపులో ఎంత నింపాదిగా ఉన్నారో చూశాక, వీలున్నవాళ్లు ఆ కోర్సు చేసే రండి అని గట్టిగా చెప్పగలను.

ఏజెన్సీ విషయానికొస్తే, విదేశీ కంపెనీల ద్వారా వెళ్తే ఖర్చు బాగా ఎక్కువ, చివరికి కొండమీద పనిచేసేది ఖాట్మండు మనుషులే. అందుకే మేము నేరుగా ఖాట్మండు ఏజెన్సీనే పెట్టుకున్నాం, ఆ నిర్ణయం సరైనదే అనిపించింది. మాట్లాడుకునేటప్పుడు నాలుగు విషయాలు రాతపూర్వకంగా తీసుకోండి: ట్రెక్ గైడ్ కాకుండా క్లైంబింగ్ గైడ్ వేరేగా వస్తాడా, ఒక గైడ్‌కి ఎంతమంది, పోర్టర్లకి ఇన్సూరెన్స్ ఉందా, తాడు కట్టే ఖర్చు ఎవరిది. ఇద్దరికి ఒక క్లైంబింగ్ గైడ్ అంటే నిశ్చింత. నలుగురికి ఒకడే అంటే వద్దనండి. నలుగురిలో ఒక్కరికి తల తిరిగినా, గైడ్ అతన్ని తీసుకుని దిగితే మిగతా ముగ్గురూ వెనక్కి రావాల్సిందే.

నడక మొదలయ్యే లుక్లాకి వెళ్లే విమానం గురించి అందరూ భయపెడతారు. రన్‌వే 527 మీటర్లే, అదీ ఏటవాలుగా ఉంటుంది, నిజమే. కానీ అసలు ఇబ్బంది ఆలస్యాలు. రద్దీ సీజన్‌లో ఎక్కువ విమానాలు ఖాట్మండు నుంచి కాకుండా రామెఛాప్ జిల్లాలోని మంథలీ నుంచి బయల్దేరతాయి. అంటే అర్ధరాత్రి దాటాక జీపెక్కి నాలుగైదు గంటలు మలుపుల రోడ్డు మీద వెళ్లాలి. ఓపిక ఉంటే ముందురోజే మంథలీ చేరి అక్కడ పడుకోవడం మంచిది. బసలు సాదాసీదాగా ఉంటాయి గానీ, నిద్రలేకుండా నడక మొదలుపెట్టే అవస్థ తప్పుతుంది.

నామ్చే బజార్ 3,440 మీటర్ల ఎత్తులో ఉంది. సౌకర్యాల పరంగా ఈ దారిలో ఇదే రాజధాని. బేకరీలు, మందుల షాపులు, ఏటీఎంలు, గేర్ దుకాణాలు అన్నీ ఉన్నాయి. ఇక్కడ కచ్చితంగా రెండు రాత్రులు ఉండాలి. మధ్యలో రోజు ఖుమ్జుంగ్ వైపు ఎక్కి దిగితే శరీరం అలవాటు పడుతుంది, ఎడ్మండ్ హిల్లరీ 1961లో పెట్టిన బడినీ చూడొచ్చు. పై అంచున ఉన్న లాడ్జిల్లో దృశ్యం బావుంటుంది కానీ ప్రతి చిన్న పనికీ మెట్లు దిగి ఎక్కాలి. నేనైతే కింద మధ్యలో ఉన్నదే తీసుకోమంటాను.

లాడ్జిల లెక్క అర్థమైతే బేరాలతో పనిలేదు. గది అద్దె చాలా తక్కువ, భోజనం మాత్రం అక్కడే చేయాలి. వాళ్లకి మిగిలేది వంటగదిలోనే. ఎత్తుకి వెళ్లేకొద్దీ అన్నీ ప్రియం అవుతాయి: వేడినీళ్ల స్నానం, ఫోన్ చార్జింగ్, వైఫై కార్డు, చివరికి మంచినీళ్ల బాటిల్ కూడా. ఆ సామానంతా మనిషి వీపు మీదో జోప్కియో (యాక్, ఆవుల సంకర జంతువు) మీదో వచ్చిందని గుర్తుంటే ధర చూసి కోపం రాదు. తిండిలో దాల్ భాత్‌ని మించింది లేదు. అన్నం, పప్పు, కూర అడిగినన్నిసార్లు వడ్డిస్తారు, వేడిగా వండుతారు. పైన మాంసం జోలికి వెళ్లొద్దని మా గైడ్ దాయి (నేపాలీలో అన్న) మొదటిరోజే చెప్పాడు. నేషనల్ పార్కులో జంతువుల్ని కోయరు, మాంసమంతా కింది నుంచి రోజుల తరబడి మోసుకొచ్చేదే. మన పచ్చడి పొడులు రెండు పొట్లాలు తెచ్చుకుంటే ఆకలి చచ్చిపోయిన రోజుల్లో నాలుగు ముద్దలు ఎక్కువ దిగుతాయి.

తెంగ్‌బోచేలో మఠం చూడాలి, సాయంత్రం ప్రార్థనలో కూర్చోవాలి. రాత్రి బసకి మాత్రం కాస్త కిందున్న దేబోచే నయం. అడవి మధ్య గాలి తక్కువ, జనమూ తక్కువ. ఆ తర్వాత 4,410 మీటర్ల దగ్గర డింగ్‌బోచే. మొత్తం దారిలో నాకు బాగా నచ్చిన ఊరు ఇదే. రాతి గోడల మధ్య పొలాలు, ఎదురుగా ఆమా డబ్లాం శిఖరం, పొద్దున్నే ఎండ. ఇక్కడ కూడా రెండు రాత్రులు. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకంటే ఎక్కువ పెరగకూడదని, మూడు నాలుగు రోజులకోసారి ఆగాలని డాక్టర్లు చెప్పే సూత్రాన్ని ఏ ప్యాకేజీ పక్కన పెట్టినా అది వదిలేయాల్సిన ప్యాకేజీ. పక్క లోయలోని ఫెరిచేలో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ క్లినిక్ ఉంది. సీజన్‌లో అక్కడి డాక్టర్లు ఎత్తు జబ్బు గురించి వివరిస్తారు. ఒక మధ్యాహ్నం దానికి కేటాయించండి. ఎత్తు జబ్బుకి వాడే డయామాక్స్ మాత్ర ఎప్పుడు, ఎంత వేసుకోవాలో మీ డాక్టర్‌ని అడిగి రండి. తలనొప్పిని దాచిపెట్టి మాత్రం పైకి వెళ్లొద్దు.

తుక్లా పాస్ (కనుమ) మీద ఎవరెస్ట్‌పై పోయినవాళ్ల స్మారకాలు ఉన్నాయి. ఆక్సిజన్ సిలిండర్ లేకుండా 21 గంటలు శిఖరం మీద గడిపి, 2001లో అదే కొండపై ప్రాణం విడిచిన బాబు చిరి షెర్పా స్మారకం కూడా ఇక్కడే ఉంది. అక్కడ తొందరపడకండి. లోబుచే గురించి చెప్పడానికి పెద్దగా లేదు. గోరక్ షెప్ బస కష్టం. 5,164 మీటర్ల ఎత్తు, పలచటి చెక్క గోడలు, రాత్రంతా పక్కగదుల్లో దగ్గులు, గడ్డకట్టిన టాయిలెట్ నీళ్లు. ఒక్క రాత్రికి మించి ఉండొద్దు. 5,364 మీటర్ల బేస్‌క్యాంప్ నుంచి ఎవరెస్ట్ శిఖరం కనిపించదు. దాన్ని చూడాలంటే తెల్లవారుజామున కాలా పత్తర్ ఎక్కాల్సిందే. శిఖరం కోసం ఓపిక దాచుకోవాలని కొందరు దీన్ని మానేస్తారు. నా అభిప్రాయంలో అది పొరపాటు. 5,500 మీటర్లు దాటి ఎక్కి దిగడమే ఐలాండ్ పీక్‌కి అసలైన సాధన.

అక్కడి నుంచి ఐలాండ్ పీక్‌కి ముందున్న చివరి ఊరు చుకుంగ్‌కి రెండు దారులు. కొంగ్మా లా మీదుగా వెళ్తే దగ్గర, కానీ 5,535 మీటర్ల పాస్, ఖుంబు గ్లేసియర్ దాటాలి, రాళ్లదారి. మేము డింగ్‌బోచేకి దిగి చుట్టూ తిరిగే వెళ్లాం. కిందికి దిగిన ఆ రాత్రి పట్టిన నిద్ర, తిరిగొచ్చిన ఆకలి చూశాక ఇదే మంచి దారి అనిపించింది.

చుకుంగ్‌లో ఐస్ యాక్స్, క్రాంపాన్ (మంచు మీద జారకుండా బూట్లకి బిగించే ముళ్ల పట్టీ), హార్నెస్ (తాడుకి తగిలించే నడుము పట్టీ), హెల్మెట్ అద్దెకు దొరుకుతాయి. మాకు ఏజెన్సీ సేవలో బాగా లోపంగా అనిపించింది ఇక్కడే. గేర్ అంతా పైన దొరుకుతుందని ఖాట్మండులో ఎవరూ ఏదీ సరిచూడలేదు. తీరా చూస్తే మాలో పొడవాటి పాదాలున్న ఒకతనికి డబుల్ బూట్లు సరైన సైజులో లేవు. దీదీ ఒకావిడ ఊరంతా తిరిగి ఒక జత పట్టుకొచ్చింది కాబట్టి సరిపోయింది. మీరు మాత్రం బూట్లు ఖాట్మండులోని తమెల్ బజార్లోనే వేసుకుని చూసి, క్రాంపాన్‌ని వాటికి బిగించి చూసి తీసుకెళ్లండి. సన్నని లోపలి గ్లౌజులు, పైన మందపాటివి, రెండూ సొంతవే ఉండాలి.

ఐలాండ్ పీక్ బేస్‌క్యాంప్ దాదాపు 5,100 మీటర్ల దగ్గర. చిన్న టెంట్లు, దుమ్ము, గాలి. అయినా వంటవాళ్లు పెట్టిన వేడి సూప్, బంగాళాదుంపలు ఈ యాత్రలో నేను మెచ్చిన భోజనాల్లో ఒకటి. మధ్యాహ్నం గైడ్లు పక్కనున్న వాలు మీద తాడు కట్టి జూమర్, రాపెల్ చేయించారు. ఒక్కొక్కరి ముడి తనిఖీ చేసి, గ్లౌజులతోనే మళ్లీ వేయించారు. డబ్బుకి తగిన సేవ అంటే అది. బేస్‌క్యాంప్‌కి పైన ఇంకో మకాం, అంటే హైక్యాంప్, పెట్టాలా అన్నది ఇంకో చర్చ. 5,600 మీటర్ల దగ్గర పడుకుంటే శిఖరం రోజు కొన్ని గంటలు తగ్గుతుంది. కానీ నీళ్ల కొరత, చలి, నిద్ర పట్టదు, పోర్టర్లకి అదనపు మోత. బేస్‌క్యాంప్ నుంచే అర్ధరాత్రి తర్వాత బయల్దేరడమే మేలని నా లెక్క.

ఎక్కడం మొదట రాళ్ల మీద, చీకట్లో. తెల్లారే సరికి క్రాంపాన్లు తొడుక్కునే చోటు, క్రాంపాన్ పాయింట్. గ్లేసియర్ మీద నిచ్చెనలు దాటేటప్పుడు గైడ్ రెండువైపులా తాడు బిగించి పట్టుకున్నాడు. మంచుగోడ దగ్గర క్యూ ఉంది. రద్దీ సీజన్‌లో అక్కడ ఆగి చలికి వణకడమే పెద్ద ప్రమాదం, అందుకే ముందుగా బయల్దేరిన జట్టే గెలుస్తుంది. గోడ మీద పది అడుగులకోసారి ఆగి ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. పైన చోటు ఇరుకు. ఎదురుగా లోత్సే దక్షిణ ముఖం గోడలా నిలబడి ఎవరెస్ట్‌ని పూర్తిగా కప్పేస్తుంది. తూర్పున మకాలు, దక్షిణాన ఆమా డబ్లాం, కాళ్ల కింద ఇమ్జా సరస్సు. కరుగుతున్న మంచుతో పెరిగిపోతున్న ఆ సరస్సు కింది ఊళ్ల మీద పడకుండా 2016లో నేపాల్ సైన్యం కాలువ తవ్వి నీటిమట్టాన్ని మూడు మీటర్లకు పైగా తగ్గించింది. పై నుంచి చూస్తే ఆ పని ఎంత అవసరమో తెలుస్తుంది.

మాలో ఒకరు గ్లేసియర్ మొదట్లోనే దగ్గుతో తడబడ్డారు. గైడ్లలో ఒకతను క్షణం ఆలోచించకుండా ఆయన్ని తీసుకుని దిగిపోయాడు, మిగతా జట్టు ఆగకుండా ముందుకెళ్లింది. గైడ్ల సంఖ్య గురించి నేనంత పట్టుబట్టేది ఇందుకే. ఇన్సూరెన్స్‌లో కూడా హెలికాప్టర్ రెస్క్యూ ఉందా అని మాత్రమే చూడకండి. చాలా పాలసీలు 6,000 మీటర్ల దగ్గరే ఆగిపోతాయి, తాడు వాడే ఆరోహణని మినహాయిస్తాయి. ఆ రెండు వాక్యాలు వెతికి చదవండి.

తిరుగు దారిలో లుక్లా దగ్గర కనీసం రెండు రోజులు చేతిలో ఉంచుకోండి. మబ్బు పట్టిందంటే విమానాలు ఆగిపోతాయి, అప్పుడు హెలికాప్టర్ సీట్ల ధరకి అదుపుండదు. పోర్టర్లు, గైడ్లు చాలావరకు లుక్లా నుంచే వేరైపోతారు. అందుకని టిప్పులకి నేపాలీ రూపాయలు నామ్చేలోనే తీసి పెట్టుకోండి. ఎవరి కవరు వాళ్లకి వేరుగా, పోర్టర్ చేతికి నేరుగా ఇవ్వండి. క్లైంబింగ్ గైడ్‌కి సమిట్ బోనస్ వేరే ఉంటుంది. శిఖరం అందకపోయినా, జట్టుని క్షేమంగా దింపిన గైడ్‌కి ఆ మొత్తం తగ్గించకుండా ఇవ్వండి.