ఎన్సినిటాస్‌లో చెక్క కార్లు, పక్కనే ఒక మోటెల్ దోపిడీ

సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని ఎన్సినిటాస్ వెళ్ళే ఉద్దేశం ఉంటే ముందుగా ఒక మాట. బీచ్ పక్కనే అని రాసుంది కదా అని మోటెల్ బుక్ చేయకండి. ఆన్‌లైన్లో 189 డాలర్లు చూసి తీసుకున్నాం. తీరా కౌంటర్ దగ్గరికి వెళ్తే ఎమెనిటీ ఫీజు 25, పార్కింగ్ 20, పైన పన్ను. మొత్తం 255 డాలర్ల 40 సెంట్లు గీకాడు. ఆ ఎమెనిటీలేమిటయ్యా అంటే వైఫై, కాఫీ అట. వైఫై గదిలోకి రాదు, కాఫీ లాబీ దాటి రాదు. "బుక్ చేసేటప్పుడు కింద రాసింది చదవాలి" అని తల కూడా ఎత్తకుండా చెప్పాడు. సముద్రం కనిపించే గది అన్నారు. కిటికీ తీస్తే కనిపించింది ఫ్రీవే. పొద్దున్న ఎనిమిదింటికి టిఫిన్‌కి దిగితే మిగిలింది మచ్చలు పడ్డ అరటిపళ్ళు. మా ఆవిడ ఇంటి నుంచి తెచ్చిన పులిహోర లేకపోతే మామయ్యగారు ఆ రోజంతా ఖాళీ కడుపే.

మేం వెళ్ళింది వేవ్‌క్రెస్ట్ చూడటానికి. శాన్ డియాగో వుడీ క్లబ్ వాళ్ళు ఏటా మూన్‌లైట్ బీచ్ దగ్గర పాత చెక్క బాడీ కార్లన్నీ ఒకచోట చేరుస్తారు. చూడటానికి టికెట్ లేదు. మా అబ్బాయి "చెక్క కార్లేంటి డాడీ" అని మొహం ముడుచుకునే వచ్చాడు. మామయ్యగారు మాత్రం రాత్రి నుంచే తయారు. ఆయన విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టిన మనిషి. చెక్క, ఇనుము ఒకచోట కలిస్తే ఆయన్ని ఆపలేం.

ఫోర్డులు, మెర్క్యురీలు వరసగా ఉన్నాయి. ఫోర్డ్ అయితే మిచిగన్‌లోని ఐరన్ మౌంటెన్‌లో సొంత అడవి, సొంత కలప ఫ్యాక్టరీ పెట్టుకుని బాడీలు చేసింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అక్కడే సైన్యానికి గ్లైడర్లు, అంటే ఇంజన్ లేని విమానాలు, కట్టారు. అవన్నీ గబగబా చూసేశాం. మామయ్యగారు ఆగిపోయింది 1941 క్రైస్లర్ టౌన్ అండ్ కంట్రీ దగ్గర.

అంతవరకు స్టేషన్ వ్యాగన్ అంటే రైలు దిగిన వాళ్ళనీ పెట్టెలనీ హోటల్‌కి చేర్చే బండి, డబ్బాలా ఉండేది. క్రైస్లర్ విభాగం అధిపతి డేవిడ్ వాలెస్ పట్టుబట్టి దాన్ని దర్జా కారుగా మార్చాడు. పైకప్పు ఉక్కు, వెనక్కి సాఫీగా జారుతుంది. ఫ్రేము తెల్లటి యాష్ చెక్క, మధ్య పలకలు హోండురాస్ మహాగని. చెక్క పనంతా ఆర్కాన్సాలోని హెలెనాలో, క్రైస్లర్ సొంత ఫ్యాక్టరీలో జరిగేది. తొమ్మిది మంది కూర్చునేది అప్పట్లో 1,492 డాలర్లు. ఆ ఏడాది చేసినవన్నీ కలిపి 997. 1942 ఫిబ్రవరికల్లా యుద్ధం వల్ల కార్ల తయారీయే ఆగింది. తర్వాత ఇదే పేరుతో సెడాన్లు, కన్వర్టిబుళ్ళు వచ్చాయి గానీ చెక్క వ్యాగన్ మళ్ళీ రాలేదు. 1947లో మహాగని తీసేసి, చెక్క బొమ్మ అచ్చేసిన డై-నాక్ షీట్లు అతికించడం మొదలుపెట్టారు. ఆ పేరు చివరికి 2016 దాకా మినీవ్యాన్‌కి నడిచింది. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తున్నారంటే మనవాళ్ళు కొనే సెకండ్‌హ్యాండ్ బండి అదే కదా!

మామయ్యగారు వంగి అతుకులు చూస్తుంటే, పక్కన కుర్చీలో కూర్చున్న ఓనరు లేచి వచ్చాడు. కసురుకుంటాడేమో అని నాకు టెన్షన్. ఆయనేమో నవ్వుతూ వెనక తలుపులు తీశాడు. బీరువా తలుపుల్లా రెండు పక్కలకీ తెరుచుకుంటాయి. లోపల కూడా వార్నిష్ మెరుపే. "అల్లుడుగారూ, ఈ వంపు ఎలా తీశారో అడగండి" అని ఒకటే గోల. ఒక్క ముక్కని వంచింది కాదట, ముక్కలు అతికి, వంపు ప్రకారం చెక్కిందట. వర్షం పడితే బయటికి తీయనని, వార్నిష్ పని వదిలేస్తే అతుకుల్లో తేమ చేరి పుచ్చుతుందని ఓనరు చెప్పాడు. ఆ చాకిరీ పడలేకే జనం వదిలించుకుంటే, యాభైల్లో, అరవైల్లో సర్ఫింగ్ కుర్రాళ్ళు చవగ్గా కొని సర్ఫ్‌బోర్డులు వేసుకు తిరిగారు. ఇప్పుడు అదే 1941 మోడల్ వేలంలో లక్ష డాలర్లు దాటిన సందర్భాలున్నాయి. చాలాసేపు ఇద్దరికీ నేనే దుబాసీ. మా అబ్బాయి ఫోన్ జేబులో పెట్టేశాడు, అది నాకు బోనస్.

అమెరికాలో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఆఖరి అసలు చెక్క వ్యాగన్ 1953 బ్యూక్. అందులో రోడ్‌మాస్టర్ ఎస్టేట్ వ్యాగన్లు చేసింది 670. అక్కడ ఒకటి చూశాం గానీ, మామయ్యగారు "ఇందులో చెక్క తగ్గించేశారు" అని ఒక్క మాటతో కొట్టిపారేశారు.

తిండికి ఆశలు పెట్టుకోకండి. బీచ్ దగ్గర బరీటో 14 డాలర్లు, లోపల అన్నమే ఎక్కువ. మధ్యాహ్నం దగ్గర్లోని పరమహంస యోగానంద ఆశ్రమం ధ్యాన వనానికి వెళ్ళండి. ప్రవేశం ఉచితం, సోమవారం మూసేస్తారు. దాని కింది బీచ్‌ని అందరూ స్వామీస్ అంటారు.

కారు మాత్రం వద్దు. ఏడున్నరకే వీధులన్నీ నిండిపోయి, మామయ్యగారిని దింపి నేను చాలా దూరంలో పెట్టి నడిచాను. ఓషన్‌సైడ్‌లో కారు వదిలి కోస్టర్ రైలెక్కండి, ఎన్సినిటాస్ స్టేషన్ నుంచి బీచ్ నడక దూరమే. సాయంత్రం అదే రైల్లో వెనక్కి వస్తే ఆ 255 మిగులుతాయి.