కరెంటు లేని మజిలీల్లో వెచ్చదనం: మోటార్‌హోమ్‌లో ప్రొపేన్ హీటర్లతో ఐదు రాత్రులు

ఐదు రాత్రుల ప్రయాణంలో మా మోటార్‌హోమ్‌ను, అంటే ఇల్లులా వాడుకునే బండిని, మూడు చోట్ల నిలిపాము. మొదటి రెండు చోట్ల కరెంటు లేదు, రాత్రులు గడ్డకట్టే చలి. అందువల్ల ఏ చోటు బాగుందని ఎవరైనా అడిగితే, అక్కడి దృశ్యాలకంటే ముందు, రాత్రి ఏ హీటరు మీద భరోసాతో కళ్లు మూసుకోగలిగామన్నదే నాకు గుర్తుకు వస్తుంది.

మా బండిలో ప్రొపేన్ గ్యాసుతో మండే హీటర్లు రెండు ఉన్నాయి. ఒకటి బండితోపాటే బిగించి వచ్చిన ఫర్నేస్. అది మంటకు కావలసిన గాలిని బయటినుంచి తీసుకొని, కాలిన వాయువులను బయటికే పంపుతుంది. రెండవది ఎక్కడికైనా మార్చుకోగల చిన్న హీటరు. దానికి పొగగొట్టం లేదు కనుక మనం పీల్చే గాలినే అదీ వాడుకుంటుంది. నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ గదిలోనే మిగులుతాయి, గాలి చాలక మంట సరిగా మండకపోతే రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ కూడా వాటితో చేరుతుంది. బయలుదేరే ముందు మా వారు కార్బన్ మోనాక్సైడ్ అలారం తీసి వెనుక చూస్తే దాని గడువు ఎప్పుడో దాటిపోయి ఉంది. బటన్ నొక్కితే మాత్రం చక్కగా మోగింది! ఆ బటన్ మోతను పరీక్షిస్తుందే కాని లోపలి సెన్సర్ వయసును చెప్పదు. కొత్తది బిగించాకే బండి కదిలింది.

మొదటి మజిలీ సరస్సు ఒడ్డున. నేల చదునుగా ఉంది, గాలి తాకిడి తక్కువ, నిశ్శబ్దం కావలసినంత. సాయంత్రం చిన్న హీటరు వెలిగించి, కింద ఒక కిటికీని, పైన రూఫ్ వెంట్‌ను కొద్దిగా తెరిచి ఉంచాము. చలి తగులుతోందని కాసేపటికి నేనే వెంట్‌ను దాదాపు మూసేశాను. గంట గడిచేసరికి అద్దాలన్నీ చెమర్చాయి. కిటికీ చట్రం మూలనుంచి ఒక నీటి ధార జారి పరుపు అంచును తడిపింది. ఒక కిలో ప్రొపేన్ కాలితే సుమారు 1.6 కిలోల నీరు పుడుతుందని చదివి ఉన్నాను కాని, అది దుప్పటికి తగిలినప్పుడే నాకు అర్థమైంది. అద్దం మీద కనబడిన ఆ నీటితోపాటు కంటికి కనబడనివి కూడా గదిలో పేరుకుంటున్నాయన్న ఆలోచన రాగానే వెంట్ పూర్తిగా తెరిచి, హీటరు ఆర్పేశాను. రాత్రికి ఫర్నేస్ వేసుకున్నాము.

రెండవ మజిలీ సుమారు 2,400 మీటర్ల ఎత్తున, అడవి మధ్య మైదానం. అందంలో దానికి సాటి వచ్చే చోటు ఈ ప్రయాణంలో లేదు, కాని అక్కడే మాకు ఎక్కువ కష్టమైంది. చిన్న హీటరు వెలిగించిన కొద్ది నిమిషాలకే ఆరిపోయేది. అది పాడవలేదు: గాలిలో ఆక్సిజన్ తగ్గితే గ్యాసును ఆపేసే సెన్సర్ అందులో ఉంటుంది, ఎత్తైన చోట పలుచని గాలికి కూడా అది అలాగే స్పందించవచ్చు. ఆ సెన్సర్‌ను ఏమార్చి హీటరు నడిపే ఉపాయాలు కొందరు చెబుతారు; ప్రాణాన్ని కాపాడే భాగాన్ని తీసిపారేయడం నాకు ఏ విధంగానూ సమ్మతం కాదు.

ఇక మిగిలింది ఫర్నేస్. మంటకు ప్రొపేన్ ఉన్నా, దాని ఫ్యానుకు బ్యాటరీ కావాలి. మాది గంటకు దాదాపు 8 ఆంపియర్-అవర్లు (బ్యాటరీలోని కరెంటును కొలిచే లెక్క) తీసుకుంటుంది. పది గంటల రాత్రిలో సగం సేపు తిరిగినా 40 ఖర్చు. మా 100 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగానికి మించి వాడకూడదు కనుక, దీపాలకూ నీటి పంపుకూ మిగిలేది స్వల్పం. రెండవ తెల్లవారుజామున ఫ్యాను వేగం తగ్గింది, తగినంత గాలి లేనిదే గ్యాసు వదలని స్విచ్ ఫర్నేస్‌ను వెలగనివ్వలేదు. వంట స్టవ్ వెలిగించుకుందామా అని ఒక క్షణం అనిపించింది. అదీ చిన్న హీటరులాగే గదిలోని గాలినే వాడుకుంటుంది కనుక వద్దనుకొని, ఉన్న దుప్పట్లన్నీ కప్పుకొని తెల్లవారేదాకా గడిపాము. అంతకుముందు రాత్రి మంచు కురిసినప్పుడు మా వారు టార్చి పట్టుకొని దిగి, ఫర్నేస్ పొగ వెలువడే రంధ్రం ముందు పేరుకున్న మంచును చేత్తో తొలగించి వచ్చారు. ఆ రంధ్రం మూసుకుపోతే ఎంత మంచి ఫర్నేసైనా ప్రమాదమే.

మూడవది కరెంటూ, గ్యాసు నింపే సదుపాయమూ ఉన్న విడిది. అక్కడి పనివాడు సిలిండరును 80 శాతం దగ్గర ఆపి సరిగ్గానే నింపాడు, కాని తిరిగి బిగించిన జాయింటు మీద సబ్బునీళ్లు రాస్తే ఆవగింజంత బుడగలు వరుసగా లేచాయి. ప్రొపేన్ గాలికంటే బరువైనది, కారితే నేలబారున చేరుతుంది. అందుకే గ్యాసు అలారం బండి లోపల నేలకు దగ్గరగా ఉంటుంది, కాని సిలిండరు పెట్టె బయట ఉండటం వల్ల ఆ అలారం మోగే అవకాశం తక్కువ. వాల్వు మూసి పిలిస్తే అతను వచ్చి మళ్లీ బిగించాడు, రెండోసారి బుడగలు రాలేదు. ఆ రాత్రి కరెంటు హీటరుతో హాయిగా నిద్రపోయాము, అయినా చుట్టూ వరుసగా నిలిచిన బండ్ల మధ్య అడవి నిశ్శబ్దం గుర్తుకు వస్తూనే ఉంది.

మళ్లీ వెళ్తే ఆ ఎత్తైన మైదానానికే వెళ్తాము, రెండవ బ్యాటరీతో. చిన్న హీటరు సరస్సు ఒడ్డు సాయంత్రాలకు ఉంటుంది. వెంట్ తెరిచి ఉన్నంతసేపు, మేము మేలుకొని ఉన్నంతసేపు మాత్రమే.