సిరిమానుకి మజ్జిగ పందిరా, ఆటో మైకా?

విజయనగరంలో కొత్తగా షాపు పెట్టినవాళ్లకి పైడితల్లి పండగ దగ్గరపడితే, ప్రచారం ఎలా చేసుకోవాలా అని వచ్చే సందేహం ఇది. ఆటోకి మైకు కడితే ఖర్చు తక్కువ, నెల్లిమర్ల వైపు కూడా తిప్పొచ్చు, కానీ విన్నవాడు సందు మలుపు తిరిగేలోపు మర్చిపోతాడు. పందిరి అలా కాదు. విజయదశమి తర్వాత మంగళవారం సిరిమాను (పూజారి కూర్చునే పొడవాటి మాను) గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది, దానికోసం జనం గంటల తరబడి నిలబడతారు, అప్పుడు చల్లటి మజ్జిగతో పాటు డిస్కౌంట్ కూపన్ చేతిలో పెడితే చాలామంది జేబులో దాచుకుంటారు (గ్లాసులు మాత్రం రోడ్డు మీదే, చెత్తబుట్టలు మర్చిపోకండి). అనుమతులు రెండింటికీ కావాలి, పందిరికి చోటు దొరకడమే అసలు టెన్షన్. నా ఓటు పందిరికే. మైకు తొలేళ్లకి (సిరిమాను ముందురోజు జరిగే ఉత్సవం) ముందు రెండు రోజులు చాలు, అదీ పందిరి ఎక్కడో చెప్పడానికి.