జెంటామైసిన్, అమికాసిన్: చెవికి ఏది మేలు?

“మా నాన్నగారికి జెంటామైసిన్ రాశారండీ. అమికాసిన్‌కి మార్చమని అడగమంటారా? చెవులకు ఏది నయం?” వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టుగా నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. రెండూ సూదిగా ఇచ్చే యాంటీబయాటిక్ మందులే. మందు ఎంచుకోవాల్సింది డాక్టరుగారే. క్రిమి ఏ మందుకు లొంగుతుందో కల్చర్ రిపోర్టు చూసి ఆయన నిర్ణయిస్తారు. రెండూ పనిచేస్తాయని తేలినప్పుడే ఈ పోలిక పనికొస్తుంది.

రెండూ లోపలి చెవిలో వినికిడినీ, ఒంటి నిలకడనూ చూసుకునే సన్నని కణాలనే చంపుతాయి. మనుషుల్లో అవి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. కాకపోతే అమికాసిన్ దెబ్బ ఎక్కువగా వినికిడి మీద, జెంటామైసిన్ దెబ్బ ఎక్కువగా ఒంటి నిలకడ మీద పడుతుంది. “అయితే వినికిడి మిగిలేదే మేలు కదా!” అంటారు చాలామంది. నేను ఒప్పుకోను.

కిడ్నీలు సరిగా లేని ఒకాయనకు రెండు వారాలు జెంటామైసిన్ ఇచ్చారు. నా దగ్గరికి వచ్చేసరికి ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్షలో వచ్చే గీత) చక్కగా ఉంది. “కళ్లు తిరగట్లేదమ్మా. నిలబడి చూస్తే బస్సు బోర్డు చదవగలను, నడుస్తూ చూస్తే అక్షరాలు గంతులేస్తున్నాయి” అన్నారు. ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూస్తే పక్కకు ఒరిగిపోతున్నారు. రాత్రి కరెంటు పోతే గోడ పట్టుకోవాల్సిందే. జ్వరం తగ్గాక నీరసం అనుకుని ఇంట్లోవాళ్లు నెల రోజులు ఊరుకున్నారు. నిలకడ రెండు చెవుల్లోనూ ఒకేసారి పోతుంది కాబట్టి తల తిరిగినట్టు ఉండదు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. దీనికి వ్యాయామాలు తప్ప పెట్టుకునే మెషీన్ లేదు.

అమికాసిన్ చేసే నష్టాన్ని ముందే పట్టుకోవచ్చు. నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే. మొదట సన్నని, కీచు శబ్దాలే పోతాయి. మామూలు వినికిడి పరీక్ష (ఆడియోమెట్రీ) 8,000 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది కాబట్టి, అంతకంటే పైకి చూసే హై ఫ్రీక్వెన్సీ పరీక్ష అడగండి. అక్కడ గీత దిగడం మొదలైందంటే మాటలు ఇంకా బాగానే వినిపిస్తున్నట్టు. డాక్టరుగారికి మందు మార్చే వ్యవధి ఉన్నట్టు. ఆలస్యమైతే ‘పాట’, ‘పాత’, ‘పాక’ ఒకేలా వినిపించే దాకా వస్తుంది. అప్పుడు కూడా వినికిడి మెషీన్, మరీ పోతే ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నాయి. అందుకే పరీక్ష చేయించే వీలుంటే నా ఓటు అమికాసిన్‌కే. పరీక్షలు లేకుండా వారాల తరబడి వాడాల్సి వస్తే ఏదీ మేలు కాదు.

ఇదే కుటుంబానికి చెందిన స్ట్రెప్టోమైసిన్ కూడా నిలకడనే ఎక్కువ దెబ్బతీస్తుంది. నియోమైసిన్ వినికిడికి మరీ చేటు. కర్ణభేరికి చిల్లు ఉంటే చుక్కలుగా కూడా వద్దు.

ఎండీఆర్ టీబీ (ముఖ్యమైన మందులకు లొంగని టీబీ) సంగతి వేరు. నెలల తరబడి పొడిచిన కనమైసిన్ అనే ఇదే కుటుంబపు సూదితో వినికిడి పోయినవాళ్లు ఎందరో. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ చికిత్సలో దాన్ని వాడొద్దంది. ఇప్పుడు బెడాక్విలిన్ ఉన్న మాత్రలే ముందు. వాటికి ఈసీజీ చూసుకుంటూ ఉండాలి, చెవులకు మాత్రం ఈ భయం లేదు.

మూడు నాలుగు రోజుల కోర్సుకి ఇంత టెన్షన్ అక్కర్లేదు. మీ అంతట మీరు ఆపేయకండి. కిడ్నీ జబ్బు ఉన్నా, ఒంట్లో నీరు తీయడానికి ఫ్రూసెమైడ్ వాడుతున్నా డాక్టరుగారికి చెప్పండి. ఇంకో మాట అమ్మ వైపు వాళ్లను అడగండి: “మనలో ఎవరికైనా సూదులు వేయించుకున్నాక చెవుడు వచ్చిందా?” తల్లి నుంచి పిల్లలకు వచ్చే ఒక జన్యు మార్పు ఉన్నవాళ్లకు కొద్ది డోసులకే వినికిడి పోవచ్చు. అవునంటే మొదటి సూది పడకముందే చెప్పాలి.

లోపలి చెవిలో చేరిన మందు త్వరగా పోదు. కోర్సు అయిపోయిన వారాల తర్వాత కూడా వినికిడి తగ్గొచ్చు. మొదలుపెట్టే ముందు ఒకసారి, వాడుతున్నప్పుడు వారానికోసారి, ఆఖరి సూది పడిన మూడు నెలలకు మళ్లీ ఒకసారి పరీక్ష చేయించండి.