పాత స్పోర్ట్స్ కారుకి "కస్టమ్" కూలింగ్ కిట్ చేయించుకునేవాళ్ళూ జాగ్రత్త, అడ్వాన్స్ కట్టేముందు ఇది చదవండి

ముందే విషయం చెప్పేస్తా. పాత కార్లకి అల్యూమినియం రేడియేటర్, ఎలక్ట్రిక్ ఫ్యాన్, వేడిని బట్టి దాన్ని ఆన్ ఆఫ్ చేసే కంట్రోలర్, హోస్ పైపులు అన్నీ కలిపి "మీ కారు కొలతలకి తగ్గట్టు మేమే చేసిస్తాం" అని అమ్మేవాళ్ళు ఉన్నారు కదా, అలాంటి ఒక షాపులో నేను ఆర్డర్ ఇచ్చా. వచ్చింది కస్టమ్ కాదు. ఏ కారుకైనా ఒకటే అచ్చు, పక్కన బ్రాకెట్లు మాత్రం మార్చి, పైన నా కారు పేరు స్టిక్కర్ అంటించి పంపారు. గొడవ ఇంకా తేలలేదు కాబట్టి షాపు పేరు రాయట్లేదు, మెసేజ్ పెట్టి అడగొద్దు. అయినా పేరు తెలిసి లాభం లేదు, ఇదే పని చేసేవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు, వాళ్ళు ఎక్కడెక్కడ కోత పెడతారో తెలుసుకుంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

నాది ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు, 1965 రోడ్‌స్టర్, అంటే పైకప్పు తెరుచుకునే రకం. 1962 నుంచి 1980 దాకా తయారైన కారు ఇది, 1798 సీసీ ఇంజిన్, బ్లాకూ హెడ్డూ రెండూ పోత ఇనుమే. 1967 చివర్లో మార్క్ 2 అనే మార్చిన మోడల్ వచ్చేవరకు ఈ కార్లన్నీ పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ వెళ్ళి బాడీకి తగులుతుంది, మైనస్సే లైవ్ వైరు. బ్యాటరీని ఛార్జ్ చేయడానికి ఆల్టర్నేటర్ ఉండదు, లూకస్ సీ40 అనే పాతరకం డైనమో ఉంటుంది, దాన్ని ఎంత తిప్పినా ఇచ్చేది 22 ఆంపియర్లు. ఈ రెండు విషయాలూ నేను ఆర్డర్‌లోనే రాసిచ్చా, స్పష్టంగా, ఫోటోలతో సహా. "మాకు తెలుసు సార్, ఇలాంటివి చాలా చేశాం" అన్నారు. వాళ్ళు నన్ను తిరిగి అడిగినవల్లా రేడియేటర్ ఎత్తు, వెడల్పు, పైపు సైజు, అంతే. థర్మోస్టాట్ (వేడెక్కాక నీళ్ళని రేడియేటర్‌కి వదిలే వాల్వు) ఎన్ని డిగ్రీలదో అడగలేదు, పాత క్యాప్, అంటే రేడియేటర్ మూత, ఎంత ప్రెషర్‌దో అడగలేదు, హీటర్ ఉందా లేదా కూడా అడగలేదు.

సరే, కిట్ వచ్చింది. చూడ్డానికి మెరిసిపోతోంది, అందులో అబద్ధం లేదు. వైరింగ్ షీట్‌లో ఎర్ర వైరు ఇగ్నిషన్ లైవ్‌కి, నల్ల వైరు బాడీకి అని ఉంది, మెకానిక్ షీట్ చూసి అలాగే కలిపాడు. స్విచ్ వేయగానే ఫ్యాన్ తిరగడం మొదలైంది, ఇంజిన్ ఇంకా చల్లగానే ఉంది, అయినా తిరుగుతూనే ఉంది, ఆగదు. షాపుకి ఫోన్ చేస్తే "మొదట్లో అలాగే ఉంటుంది, సెట్ అవుతుంది" అన్నారు. ఏం సెట్ అవుతుందో వాళ్ళకే తెలియాలి.

రోడ్డు మీదకి తీస్తే అసలు తమాషా మొదలైంది. నిలబడి ఉన్నప్పుడు టెంపరేచర్ ఓ మాదిరిగా ఉంటుంది, స్పీడ్ అందుకుంటే ముల్లు పైకి పోతుంది. మామూలుగా చూస్తే ఇది తిరగబడ్డ లక్షణం. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు వేడెక్కి, కదిలితే చల్లబడితే గాలి చాలట్లేదని, ఫ్యాన్ సంగతి చూడాలని అర్థం. ఆగినప్పుడు బాగుండి స్పీడ్‌లో వేడెక్కితే నీళ్ళు సరిగ్గా తిరగట్లేదనో, రేడియేటర్ చాలట్లేదనో, ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) తేడా అనో, కింద హోస్ పైపు పంపు లాగుడికి లోపలికి నొక్కుకుపోతోందనో అనుకుంటాం. అందుకే అందరం పంపు మీద పడ్డాం, టైమింగ్ మీద పడ్డాం, కింది పైపులో స్ప్రింగ్ ఉందా లేదా చూశాం. చివరికి ఒక ముసలి ఎలక్ట్రీషియన్ వచ్చి గ్రిల్ ముందు ఒక కాగితం పట్టుకున్నాడు. కాగితం గ్రిల్‌కి అతుక్కోవాలి కదా, ముందుకి ఎగిరిపోయింది. ఫ్యాన్ ఉల్టా తిరుగుతోంది! పాజిటివ్ ఎర్త్ కారులో ఎర్ర వైరుని లైవ్‌కి ఇస్తే దానికి వెళ్ళేది మైనస్, ఈ ఫ్యాన్లలో ఉండేది మాగ్నెట్ డీసీ మోటారు, ప్లస్ మైనస్ మారితే తిరిగే దిక్కు మారుతుంది. ముందు నుంచి వచ్చే గాలిని వెనక నుంచి ఫ్యాన్ తోసేస్తోంది, స్పీడ్ పెరిగేకొద్దీ రెండూ కొట్టుకుని రేడియేటర్ కోర్‌లోంచి, అంటే ట్యూబులుండే మధ్య భాగంలోంచి, గాలి సరిగ్గా పోవట్లేదు.

వైర్లు మార్చాం, ఫ్యాన్ దారికొచ్చింది, కంట్రోలర్ మాత్రం పోయింది, ఉల్టా కరెంటు తాకిన ఎలక్ట్రానిక్ డబ్బా బతకడం కష్టం. వారంటీ అడిగితే వచ్చిన జవాబు "రాంగ్ కనెక్షన్, వారంటీ వర్తించదు". షీట్ ఎవరిది బాబూ? మీదే కదా! ఆ కంట్రోలర్ పక్కన పడేసి మామూలు టెంపరేచర్ స్విచ్చు, దాని మాట విని ఫ్యాన్‌కి కరెంటు కలిపే ఒక సాదా రిలే పెట్టించా, కాయిల్‌కి డయోడ్ లేని రిలే అయితే ఏ ఎర్త్ అయినా దానికి పట్టింపు లేదు.

అంతటితో అయిపోలేదు. ఫ్యాన్ దాదాపు 20 ఆంపియర్లు లాగుతోంది, క్లాంప్ మీటర్ పెట్టి చూశాం. డైనమో ఇచ్చేదే 22, అదీ ఇంజిన్ బాగా తిరుగుతుంటే. ఐడిల్‌లో డైనమో ఇచ్చేది దాదాపు సున్నా. అంటే ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, సరిగ్గా ఫ్యాన్ కావాల్సిన టైంలో, మొత్తం భారం బ్యాటరీ మీదే. రాత్రి హెడ్‌లైట్లు కూడా వేస్తే ఇక చెప్పేదేముంది. డైనమో ఉన్న కారుకి ఈ ఫ్యాన్ అమ్మడమే తప్పు, చిన్న ఫ్యాన్ ఇవ్వాలి లేదా ఒరిజినల్ బెల్టు ఫ్యాన్ ఉంచేయమని చెప్పాలి. బ్రోచర్‌లో సీఎఫ్ఎం (నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి) అంకెలు పెద్దపెద్దవి వేస్తారు, అవి చాలావరకు ఫ్యాన్‌ని ఖాళీ గాలిలో తిప్పి కొలిచినవి, ఎదురుగా రేడియేటర్ కోర్ పెడితే అంత గాలి రాదు. దానికి తోడు చుట్టూ ష్రౌడ్, అంటే గాలిని కోర్ మొత్తం మీదుగా లాగించే తొడుగు, లేదు, కాబట్టి ఫ్యాన్ గుండ్రం ఎంత ఉందో అంత మేరకే గాలి లాగుతుంది, మూలలన్నీ వృథా. ఫ్యాన్‌ని బిగించింది కూడా కోర్ మధ్యలోంచి ప్లాస్టిక్ టైలు దూర్చి, ఆ టైలు అదురుకి రాసుకుని రాసుకుని ట్యూబులని అరగదీస్తాయి.

క్యాప్ సంగతి. కిట్‌తో 16 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) క్యాప్ వచ్చింది. ఆ కాలం కార్లు 7, 10 పీఎస్ఐ మీద నడిచేవి. ప్రెషర్ పెరిగితే మరిగే డిగ్రీలు పెరుగుతాయి, అది నిజమే, ఒక్కో పీఎస్ఐకి సుమారు ఒకటిన్నర డిగ్రీ, 15 పీఎస్ఐ దగ్గర ఉత్త నీళ్ళు కూడా 121 డిగ్రీల దాకా మరగవు. కానీ ఆ ప్రెషర్ రేడియేటర్ ఒక్కదాని మీదే పడదు కదా, పాత కుక్కర్‌కి బరువైన వెయిట్ పెట్టినట్టు సిస్టమ్ మొత్తం మీద పడుతుంది, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ తన్నుకొస్తుంది. నా కారులో హీటర్ కోర్ (కారు లోపల వెచ్చదనం ఇచ్చే చిన్న రేడియేటర్) తన్నుకొచ్చింది, ఎప్పటిదో ఇత్తడిది, టంకం వేసిన అతుకులు, కారు లోపల మ్యాట్ అంతా కూలెంటే. ఇదేంటని అడిగితే "హీటర్ మా కిట్‌లో భాగం కాదు" అన్నారు.

ఇప్పుడు అసలు రేడియేటర్. ఎంజీబీది పైనుంచి కిందకి నీళ్ళు పారే రకం, వీళ్ళు ఇచ్చింది అడ్డంగా పారే క్రాస్‌ఫ్లో. క్రాస్‌ఫ్లో చెడ్డదేం కాదు, చాలా మంచిది కూడా, కానీ దానికి క్యాప్ పెట్టాల్సింది నీళ్ళు బయటికి పోయే వైపు ట్యాంకు మీద, పంపు లాగే వైపన్నమాట. వీళ్ళు నీళ్ళు లోపలికొచ్చే వైపు పెట్టారు. ఇంజిన్ గట్టిగా తిరిగినప్పుడు పంపు తోసే ప్రెషర్ కూడా వచ్చి క్యాప్ మీదే పడుతుంది, క్యాప్ ముందే తెరుచుకుని కూలెంట్ బయటికి కక్కుతుంది. పైగా ఆ క్యాప్ మూతి థర్మోస్టాట్ హౌసింగ్ కంటే కిందకి ఉంది, దాంతో ఎంత నింపినా పైన గాలి ఇరుక్కుపోయి ఉంటుంది. నిజంగా నా కారు ఫోటోలు చూసి డ్రాయింగ్ గీసినవాడు ఎవడూ ఈ పని చేయడు.

"2 వరసలు, ఒక అంగుళం ట్యూబులు" అని రాసిచ్చారు. ట్యాంకు దగ్గర లీకు మొదలయ్యాక రేడియేటర్ పనివాడికిచ్చి పక్క ట్యాంకు కోయిస్తే ట్యూబులు చెప్పినదాని కంటే సన్నం, ట్యూబులు ప్లేటుకి కలిసే చోట బ్రేజింగ్ (లోహం కరిగించి అతకడం) లేదు, జిగురు! ఎపాక్సీ పూసి పెయింట్ కొట్టారు. బయట కనిపించే అతుకులన్నీ అందమైన వెల్డింగ్, కనిపించని చోట జిగురు. కొనేముందు లోపలికి చూడలేం కాబట్టి ప్రెషర్ టెస్ట్ వీడియో అడగండి, నీళ్ళ తొట్టిలో ముంచి క్యాప్ రేటింగ్ కంటే కొంచెం ఎక్కువ గాలి ఎక్కించి చూపించమనండి. "వరసలు ఎక్కువుంటే కూలింగ్ ఎక్కువ" అనే మాట కూడా నమ్మొద్దు, సన్నటి ట్యూబులు నాలుగు వరసలు పెట్టి కోర్‌ని మందం చేస్తే గాలి లోపలికి దూరడమే కష్టం, వెడల్పు ట్యూబులు రెండు వరసలున్నది దానికంటే బాగా పనిచేస్తుంది.

అన్నిటికంటే నాకు ఒళ్ళు మండింది ఎర్త్ విషయంలో. షీట్‌లో "బాడీకి" అనే ఉన్నా, ఫ్యాన్ నల్ల వైరుకి ఫ్యాక్టరీలోనే రింగ్ వేసి రేడియేటర్ బ్రాకెట్‌కే బిగించి పంపారు. ఫ్యాన్ కరెంటు రేడియేటర్ మీదుగా, కూలెంట్ మీదుగా దారి వెతుక్కుంటుంది, అల్యూమినియాన్ని లోపలి నుంచి తినేస్తుంది. ఇనుప బ్లాకు, అల్యూమినియం రేడియేటర్, ఇత్తడి హీటర్, మధ్యలో నీళ్ళు, అదే పెద్ద బ్యాటరీ, దానికి పైనుంచి మనం కరెంటు కూడా ఇస్తున్నాం. మల్టీమీటర్ ఉంటే చూసుకోవడం చాలా తేలిక: డీసీ వోల్ట్స్‌లో పెట్టి, ఒక ప్రోబ్ బ్యాటరీ ఎర్త్ వైపుకి, ఇంకోటి క్యాప్ తీసి కూలెంట్‌లోకి ముంచాలి, లోహానికి తగలకుండా, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే క్యాప్ తీయాలని మళ్ళీ చెప్పక్కర్లేదనుకుంటా. 0.1 వోల్ట్ లోపు ఉంటే ఫర్వాలేదు. 0.3 దగ్గరికొస్తే అల్యూమినియం మీద ఆశ వదులుకోవచ్చు. నాది ఫ్యాన్ ఆన్ చేయగానే అది కూడా దాటింది. కూలెంట్ ఏది పోయాలని అడిగితే "ఏ నీళ్ళైనా పర్లేదు సార్" అని చెప్పిన షాపు ఇది. డిస్టిల్డ్ వాటర్, తుప్పు పట్టకుండా మందు ఉన్న గ్లైకాల్ కూలెంట్, సగం సగం. ఉత్త గ్లైకాల్ పోస్తే ఇంకా చల్లగా ఉంటుందనుకునేవాళ్ళూ ఉన్నారు, నీళ్ళు మోసినంత వేడి అది మోయలేదు.

ఇంకో చిన్న సంగతి, తొలినాటి ఎంజీబీలున్నవాళ్ళకి. టెంపరేచర్ గేజ్ నుంచి హెడ్ దాకా సన్నటి గొట్టం పోతుంది, అది వైరు కాదు, లోపల ఈథర్ ఉంటుంది. కిట్ షీట్‌లో "పాత సెండర్ కట్ చేసి కొత్తది బిగించండి" అని ఉంది. ఇక్కడ సెండర్ అంటే ఆ గొట్టం చివరే, కట్ చేస్తే గేజ్ చచ్చినట్టే. అదృష్టం కొద్దీ నా మెకానిక్ ఆ లైను దగ్గర ఆగి నాకు ఫోన్ చేశాడు. జాగ్వార్ ఎక్స్‌కే ఇంజిన్ ఉన్నవాళ్ళు కిట్‌లో వచ్చే సాదా థర్మోస్టాట్ అసలు వేయొద్దు, ఆ ఇంజిన్‌కి బైపాస్ దారి మూసే రకం కావాలి, లేకపోతే వేడి నీళ్ళు రేడియేటర్ ముఖం చూడకుండా తిరిగి ఇంజిన్‌లోకే పోతాయి.

ఇప్పుడు షాపువాళ్ళ మాట ఏంటంటే "కస్టమ్ ఆర్డర్, రిటర్న్ లేదు". ఆ ఒక్క చోట మాత్రం అది కస్టమ్ అయిపోయింది. వాళ్ళతో మాట్లాడేవాళ్ళు ఫోన్‌లో మాట్లాడొద్దు, అన్నీ రాతలో ఉంచుకోండి, నా దగ్గర ఆర్డర్‌లో పాజిటివ్ ఎర్త్ అని రాసిన కాపీ ఉండబట్టే ఇంకా జవాబైనా ఇస్తున్నారు. చేసేవాడు డ్రాయింగ్ పంపి మీ సంతకం తీసుకోకుండా అల్యూమినియం కోయడం మొదలుపెట్టాడంటే అడ్వాన్స్ కట్టకండి. ఎర్త్ ఏ వైపు, డైనమోనా ఆల్టర్నేటరా, క్యాప్ ఎంత, ఈ మూడూ తనంతట తాను అడగనివాడికి అసలు ఆర్డరే ఇవ్వొద్దు.

నేనైతే పాత రాగి ఇత్తడి రేడియేటర్‌కే కొత్త కోర్ వేయించి, బ్లాకు లోపల పేరుకున్న మడ్డి కడిగించి, బెల్టు ఫ్యాన్, పాత ప్రెషర్ క్యాప్, 82 డిగ్రీల థర్మోస్టాట్ పెట్టించేశా. ముల్లు కదలట్లేదు, ట్రాఫిక్‌లో కూడా.

ఇలాంటి కిట్ ఇప్పటికే బిగించుకుని ఉంటే ముందు ఫ్యాన్ ఎర్త్ వైరు రేడియేటర్ మీద నుంచి తీసి నేరుగా బ్యాటరీ ఎర్త్‌కి వేయండి, రేడియేటర్ కింద రబ్బరు ప్యాకింగులు పెట్టండి, క్యాప్ మీ కారు పాత నంబరుకి మార్చండి, గ్రిల్ ముందు కాగితం పట్టుకుని చూడండి. కూలెంట్ వోల్టేజ్ ఎంత వచ్చిందో, మీ కిట్‌లో క్యాప్ ఏ వైపు ఉందో కింద రాయండి, నా కంప్లెయింట్‌తో పాటు జతచేస్తా.