అక్వేరియం నీరు మార్చడానికి మిక్సింగ్ వాల్వా, నిల్వ డ్రమ్మా: విశాఖ ఇళ్లకు ఏది మేలు?

రెండడుగుల అక్వేరియం ఉన్న ఇంట్లో వారానికోసారి నీరు మార్చడం రెండు బకెట్ల పని. అదే నాలుగడుగుల తొట్టి అయి, అందులో వెచ్చని, శుభ్రమైన నీరు కోరే డిస్కస్ చేపలుండి, రోజు విడిచి రోజు సగం నీరు మార్చవలసి వస్తే, బకెట్లు మోయడం మాని తొట్టి పక్కకే ఒక కుళాయి తెచ్చుకోవాలనీ, అందులోంచి కావలసినంత వెచ్చని నీరే రావాలనీ ఎవరికైనా అనిపిస్తుంది. ఇందుకు ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి, గీజరు నుంచి వచ్చే వేడినీటినీ డాబా మీది ట్యాంకు నుంచి వచ్చే చన్నీటినీ థర్మోస్టాటిక్ మిక్సింగ్ వాల్వులో కలిపి నేరుగా తొట్టిలోకి పంపడం. రెండోది, ముందురోజే ఇంట్లో ఒక డ్రమ్ములో నీరు నింపి ఉంచి, అవసరమైతే హీటరుతో వేడిచేసి, చిన్న పంపుతో తొట్టిలోకి ఎక్కించడం. స్నానాల గదిలోని మామూలు మిక్సరు కుళాయికి గొట్టం తగిలించి చేత్తో సరిచేసుకోవడం కూడా ఒక దారే గానీ, ఇంట్లో ఇంకెవరైనా మరో కుళాయి తిప్పగానే వేడి మారిపోతుంది కనుక, థర్మామీటరు పట్టుకుని చివరిదాకా నిలబడే ఓపిక ఉన్నవారికే అది పనికొస్తుంది.

మిక్సింగ్ వాల్వు లోపల మైనంతో నిండిన చిన్న గుళిక ఉంటుంది. నీరు వేడెక్కితే మైనం వ్యాకోచించి వేడినీటి దారిని మూస్తుంది, చల్లబడితే సంకోచించి తెరుస్తుంది. కాబట్టి కరెంటు అవసరం లేకుండానే వేడి ఒకే తీరున నిలుస్తుంది. విశాఖలో జనవరి తెల్లవారుజామున ట్యాంకు నీరు 22 డిగ్రీలు ఉందనీ, మనకు 28 డిగ్రీల నీరు 100 లీటర్లు కావాలనీ అనుకుందాం. గీజరు 60 డిగ్రీల మీద ఉంటే అందులో వేడినీటి వాటా 16 లీటర్లే, తక్కినదంతా చన్నీరే. 25 లీటర్ల గీజరుకు ఇది లెక్కలోకి రాని పని. అయితే వేడినీటి వాటా ఇంత తక్కువైనప్పుడు వాల్వు ఆ దారిని దాదాపు మూసి ఉంచి పనిచేయవలసి వస్తుంది కనుక, ఏమాత్రం కదిలినా వేడి ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అవుతుంది. గీజరును 50 డిగ్రీలకు తగ్గిస్తే వేడినీటి వాటా 21 లీటర్లకు పెరిగి, వాల్వు నిలకడగా పనిచేస్తుంది. అలాగని మరీ తగ్గించకూడదు. కలిసి బయటికొచ్చే నీటికంటే గీజరు నీరు కనీసం పది పన్నెండు డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే తప్ప చాలా వాల్వులు సరిగా పట్టవు.

ఇంతవరకు వాల్వుదే పైచేయిగా కనిపిస్తుంది. కానీ ఈ ఏర్పాటు పుట్టింది కుళాయి నీరు ఏడాదిలో చాలా నెలలు పది పన్నెండు డిగ్రీలుండే చలి దేశాల అవసరం కోసం. వాల్వు చన్నీటికి వేడిని కలపగలదే గానీ, వేడెక్కిన నీటిని చల్లార్చలేదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మన డాబాల మీది నల్లని ట్యాంకుల నుంచి వచ్చే నీటి కింద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. చన్నీటి కుళాయిలోనే 38 డిగ్రీల నీరు వస్తుంటే, వాల్వును 28 మీద పెట్టినా అది వేడినీటి దారిని పూర్తిగా మూసి, ఆ 38 డిగ్రీల నీటినే తొట్టిలోకి వదులుతుంది. 29 డిగ్రీలున్న 200 లీటర్ల తొట్టిలో సగం నీరు ఇలా మార్చితే మొత్తం 33.5 డిగ్రీలకు చేరుతుంది. నీరు వేడెక్కినకొద్దీ అందులో కరిగి ఉండగల ప్రాణవాయువు తగ్గుతుంది. లీటరుకు 25 డిగ్రీల దగ్గర సుమారు 8.3 మిల్లీగ్రాములు, 30 దగ్గర 7.6, 35 దగ్గర 7. చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచేది అప్పుడే. ఈ ఊళ్లో వేడి పెంచవలసిన రోజులు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మాత్రమే కాగా, వేడి తగ్గించవలసిన రోజులు అంతకంటే ఎక్కువ. అంత ఖర్చుపెట్టి గోడ పగలగొట్టించిన ఏర్పాటు, అసలు చిక్కు వచ్చే కాలంలోనే చేతులెత్తేస్తుందన్నమాట.

ఒత్తిడి మాట కూడా ప్లంబరును పిలిచే ముందే చూసుకోవాలి. పది మీటర్ల ఎత్తున్న నీరు ఒక బార్ ఒత్తిడినిస్తుంది. అపార్టుమెంటులో పై అంతస్తులో ఉండేవారికి ట్యాంకు నెత్తి మీదే ఉన్నా, ఎత్తు మూడు నాలుగు మీటర్లకు మించదు కాబట్టి, దక్కేది 0.3 లేదా 0.4 బార్ మాత్రమే. చాలా థర్మోస్టాటిక్ వాల్వులకు అంతకంటే ఎక్కువ కావాలి, కనుక ప్రెషర్ పంపు అదనపు ఖర్చుగా వచ్చి పడుతుంది. కింది అంతస్తుల వారికి ఈ ఇబ్బంది ఉండదు.

ఇక క్లోరిన్. మేఘాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి, ఏలేరు వంటి వనరుల నుంచి నగరానికి వచ్చే నీటిని శుద్ధిచేసి, క్లోరిన్ కలిపే పంపుతారు. తాగునీటికి అది రక్షణ, చేప మొప్పలకు మాత్రం విషం. వాల్వు నుంచి నేరుగా తొట్టిలోకి నీరు పోయే చోట క్లోరిన్ గాలికి పోవడానికి సమయం దొరకదు. కార్బన్ ఫిల్టరు పెట్టవచ్చు, అయితే దాన్ని చన్నీటి వైపు పెడితే వేడినీటితో వచ్చే క్లోరిన్ మిగిలిపోతుంది. నీళ్లు కలిసిన తరువాత పెడితే, వాల్వు ఎప్పుడైనా పాడైనపుడు వేడినీరు ఫిల్టరు గిన్నెను దెబ్బతీయవచ్చు. పైగా కార్బన్‌లోంచి నీరు నెమ్మదిగా పోతే తప్ప క్లోరిన్ పూర్తిగా తొలగదు. అందువల్ల వాల్వు వాడేవారు కూడా చివరకు తొట్టిలో క్లోరిన్‌ను విరిచే మందు సోడియం థయోసల్ఫేట్ వేయక తప్పదు. రొయ్యలు, నత్తలు పెంచేవారికి రాగి భయం వేరే ఉంది. రాగి గొట్టాలున్న ఇన్‌స్టంట్ గీజరు నీరు వాటికి మంచిది కాదు.

డ్రమ్ము పద్ధతిలో ఈ చిక్కులు చాలావరకు విడిపోతాయి. 200 లీటర్ల నీటిని 22 నుంచి 28 డిగ్రీలకు తేవడానికి కావలసిన కరెంటు 1.4 యూనిట్లు, 300 వాట్ల అక్వేరియం హీటరు పెట్టి పడుకుంటే, ఐదారు గంటల్లో ఆ పని అయిపోతుంది. వేసవిలో హీటరు అవసరమే లేదు. 38 డిగ్రీల నీరయినా నీడలో, మూత కాస్త తీసి, గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ నడిపితే తెల్లారేసరికి గది వేడికి, అంటే 30, 31 డిగ్రీలకు దిగివస్తుంది. ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ కాబట్టి, ఫ్యాను పెట్టి ఆవిరి చేయించడం వల్ల అంతకుమించి పెద్దగా చల్లబడదు. అయినా 31 డిగ్రీల నీటితో సగం మార్చితే తొట్టి 29 నుంచి 30కి పెరుగుతుంది, అంతే. అదే రాత్రి ఆ గాలి బుడగలతోనే క్లోరిన్ కూడా చాలావరకు పోతుంది. మిగిలి ఉండవచ్చనిపిస్తే, ఒక మిల్లీగ్రాము క్లోరిన్‌కు ఏడు మిల్లీగ్రాముల చొప్పున థయోసల్ఫేట్ వేస్తే సరిపోతుంది.

దీనికి కూడా పైపు పని ఉంది, కాకపోతే తేలిక. చన్నీటి లైను నుంచి ఒక బాల్ వాల్వు, దాని తరువాత డ్రమ్ము నిండగానే నీటిని ఆపే ఫ్లోటు, అంతే. కుదిరితే ఈ లైనును డాబా ట్యాంకు నుంచి కాక, నేలలోని సంపు నుంచి తీసుకోవాలి. సంపు నీరు నేల వేడిని అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి, మే నెల మధ్యాహ్నం కూడా మరిగినట్టుండదు. అది కుదరని అపార్టుమెంటులో, ట్యాంకు రాత్రంతా చల్లారాక తెల్లవారుజామున డ్రమ్ము నింపుకోవడమే ఉపాయం. బీచ్ వైపు కాలనీల్లో బోరు నీరు ఉప్పగా ఉండడం తెలిసిందే. బోరు, మున్సిపల్ నీరు ఒకే సంపులో కలిసే చోట, నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరుతో చూడకుండా డిస్కస్‌కు వాడకూడదు.

డ్రమ్ముకున్న దోషాలు వేరు. 200 లీటర్లంటే 200 కిలోల బరువు, పైగా బాల్కనీలోనో వాష్ ఏరియాలోనో సగం చోటు. మూత లేకపోతే డెంగీ దోమకు అంతకంటే మంచి నిలయం దొరకదు కనుక, గాలి కోసం తీసిన సందుకు దోమతెర కట్టి తీరాలి. చవకగా వస్తుందని, లోపల ఏ రసాయనం ఉండేదో తెలియని పాత నీలం డ్రమ్మును తేకూడదు. పంపు కొనేటప్పుడు, తొట్టి అంచు స్టాండుతో కలిపి నేల నుంచి నాలుగున్నర అడుగులుంటుందనీ, డ్రమ్ము ఖాళీ అయ్యేకొద్దీ పంపు ఎక్కించవలసిన ఎత్తు పెరుగుతుందనీ గుర్తుంచుకుని, రెండు మీటర్లకు మించి ఎక్కించేదే తీసుకోవాలి. హీటరు ప్లాస్టిక్ గోడకు తగలకుండా కవచంలో ఉండాలి. పంపు వేయడానికి పావుగంట ముందే దాని ప్లగ్ తీసేయాలి, లేకపోతే నీరు తగ్గి బయటపడిన వేడి గాజు పగులుతుంది. హీటరు, పంపు రెండూ ఉన్న లైనుకు, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చి తప్పనిసరి.

నన్నడిగితే విశాఖలో నూటికి తొంభై ఇళ్లకు డ్రమ్మే మేలంటాను. అద్దె ఇల్లయితే వేరే ఆలోచన కూడా అక్కర్లేదు. వాల్వు ఎంచుకోవలసింది సొంత ఇంట్లో, కింది అంతస్తులో ఉండి, సంపు నుంచి పంపు లైను ఉండి, ఐదారు వందల లీటర్లు ఒక్కసారి మార్చవలసిన పెద్ద తొట్లు నడిపేవారు; అంత నీటిని నిల్వ చేయడానికి చోటు చాలదు గనుక. వారానికి పావువంతు మాత్రమే మార్చే మామూలు తొట్టికి ఈ రెండూ ఎక్కువే. 26 డిగ్రీల తొట్టిలో పావువంతు 22 డిగ్రీల నీరు పోస్తే 25కు దిగుతుంది. క్లోరిన్ తీసి నెమ్మదిగా పోస్తే చాలు.

వాల్వు పెట్టించుకునేవారు వేడి, చన్నీళ్ల లైన్లు రెంటికీ నీరు వెనక్కి పోకుండా ఆపే ఎన్‌ఆర్‌వీలు (నాన్-రిటర్న్ వాల్వులు) పెట్టించాలి, వేడినీటి వైపు వేడిని తట్టుకునే సీపీవీసీ ప్లాస్టిక్ గొట్టమే వాడించాలి. నీరు పోసే గొట్టం కొసను తొట్టిలో ముంచకుండా, నీటి మట్టానికి పైన క్లిప్పుతో బిగించాలి. డాబా ట్యాంకు ఖాళీ అయినపుడు కింది అంతస్తులో ఎవరైనా కుళాయి తిప్పితే, మునిగి ఉన్న గొట్టం తొట్టి నీటిని వెనక్కి లాగి, వారి వంటింటి కుళాయిలోకి పంపవచ్చు.