ట్యూబ్ డీఏసీ కిట్ ఆన్‌లైన్‌లో తెప్పిస్తున్నారా? ప్లగ్ పెట్టేముందు కెపాసిటర్లు చూడండి

డీఏసీ అంటే డిజిటల్ పాటను ఆంప్లిఫయర్‌కు ఇచ్చే సిగ్నల్‌గా మార్చేది; ట్యూబ్ డీఏసీలో ఔట్‌పుట్ భాగం పాతకాలపు వాల్వులతో (ట్యూబులతో) నడుస్తుంది. ‘డబుల్ క్రౌన్ టీడీఏ1541ఏ, ట్యూబ్ ఔట్‌పుట్, పూర్తి కిట్’ అని విదేశీ సైట్లలో అమ్ముతున్న సెట్టు మీలో ఎవరైనా ఇప్పటికే తెప్పించి ఉంటే, దయచేసి ఇంకా కరెంటు ఇవ్వకండి. పవర్ సప్లైలోని పెద్ద కెపాసిటర్ల (కరెంటును నిల్వ ఉంచే డబ్బాల్లాంటి భాగాల) మీద ఎన్ని వోల్టులని రాసి ఉందో ముందు చూడండి, అవి తట్టుకునే హద్దు అదే. అమ్మకం పేజీ ఫొటోలో 400 వోల్టులవి ఉన్నాయి. నాకు పంపినవి 250 వోల్టులవి.

ఈ తేడా చిన్నది కాదు. కిట్‌తో వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ 220 వోల్టుల ఇన్‌పుట్‌కు 200 వోల్టుల ఏసీ ఇస్తుందని దాని మీదే ఉంది. మన ఇళ్లలో వచ్చేది 230, కొన్ని ఊళ్లలో రాత్రి పొద్దుపోయాక 240 కూడా దాటుతుంది. మా ఇంట్లో మెయిన్స్ 235 ఉన్నప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ (ఔట్‌పుట్ వైపు) మీద మీటర్ పెడితే 214 చూపించింది. దాన్ని డయోడ్లతో డీసీగా మారిస్తే కెపాసిటర్ మీద పడేది 1.414 రెట్లు, అంటే 300 పైనే. పైగా ట్యూబులు వేడెక్కడానికి అర నిమిషం దాకా పడుతుంది. అంతవరకు అవి కరెంటు లాగవు కాబట్టి స్విచ్ వేసిన ప్రతిసారీ ఆ పూర్తి వోల్టేజి కెపాసిటర్ల మీదే నిలబడుతుంది. 250 వోల్టులది దాన్ని తట్టుకోలేదు.

నా కిట్‌లో సరిగ్గా అదే జరిగింది. మొదటి పరీక్ష ట్యూబులు పెట్టకుండా, ఎక్కువ కరెంటు పోకుండా అడ్డుకోవడానికి మెయిన్స్‌లో 60 వాట్ల బల్బు సిరీస్‌లో పెట్టి చేశాను. కాసేపటికి బల్బు వెలుగు పెరగడం మొదలైంది, అంటే బోర్డు ఎక్కువ కరెంటు లాగుతోందన్నమాట. నేను స్విచ్ కట్టేసేలోపే ఒక కెపాసిటర్ బుస్సుమని పైకప్పు విచ్చుకుని వేడి ద్రవం బోర్డంతా చిమ్మింది. సిరీస్ బల్బు లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్ కూడా కాలిపోయేది. ఆ సమయంలో ఎవరైనా బోర్డు మీదికి వంగి చూస్తూ ఉంటే కళ్లకు ఏమయ్యేదో తలుచుకుంటేనే భయమేస్తోంది. మన దగ్గర ఇలాంటివి ఇంట్లో పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

రెండోది ఇంకా దారుణం, ఎందుకంటే బయటికి కనపడదు. ట్యూబు ప్లేటు (సిగ్నల్ బయటికి వచ్చే కాలు) నుంచి ఆర్‌సీఏ సాకెట్‌కు (ఆంప్లిఫయర్ వైరు గుచ్చే చోటికి) సిగ్నల్ వెళ్లే దారిలో ఒక కప్లింగ్ కెపాసిటర్ ఉంటుంది. ప్లేటు మీద ఉన్న డీసీ వోల్టేజి బయటికి రాకుండా ఆపేది అదొక్కటే. నా కిట్‌లో ఇచ్చింది 100 వోల్టులది. కిట్‌లోని ఈసీసీ82 ట్యూబు వేడెక్కేదాకా ప్లేటు మీద సప్లై వోల్టేజి మొత్తం, అంటే 300 వోల్టులు ఉంటాయి. ఆ కెపాసిటర్ షార్ట్ అయితే అదంతా నేరుగా మీ ఆంప్లిఫయర్‌లోకి, హెడ్‌ఫోన్ తగిలించుకుంటే మీ చెవి దగ్గరికి వస్తుంది. అక్కడ 400కు తగ్గకుండా, వీలైతే 630 వోల్టుల ఫిల్మ్ కెపాసిటర్ ఉండాలి. ఇందులో రాజీ పడకండి.

స్విచ్ తీసేశాక కెపాసిటర్లు ఖాళీ కావడానికి పెట్టాల్సిన బ్లీడర్ రెసిస్టర్ కూడా సర్క్యూట్‌లో లేదు. ప్లగ్ పీకేసి చాలాసేపయ్యాక కూడా బోర్డు మీద షాక్ కొట్టేంత వోల్టేజి ఉంటుంది. నేను 220 కిలో ఓమ్‌ల 2 వాట్ల రెసిస్టర్ పెట్టుకున్నాను. అది పెట్టినా సరే, మీటర్‌తో కొలిచి చూడకుండా బోర్డు మీద చెయ్యి వేయొద్దు.

ఇక చిప్పు సంగతి. టీడీఏ1541ఏ అనేది ఫిలిప్స్ వాళ్లు 1980లలో సీడీ ప్లేయర్ల కోసం చేసిన 16 బిట్ల చిప్పు. అందులో మేలైనవాటిని ఏరి ఒక కిరీటం గుర్తు, ఇంకా మేలైనవాటికి రెండు కిరీటాలు వేసేవారు. తయారీ ఎప్పుడో ఆగిపోయింది, కాబట్టి రెండు కిరీటాలవి చాలా అరుదు. వాటి పేరు చెప్పే ఈ కిట్‌కు అంత ధర. నా చిప్పు మీద దూదితో అసిటోన్ రుద్దితే రెండు కిరీటాలూ దూదికి అంటుకుని వచ్చేశాయి. కింద ఒళ్లంతా గీకిన గీతలు. చిప్పు పని చేస్తోంది, పాట వస్తోంది. కానీ అది మామూలు గ్రేడు చిప్పు, మీద కొత్తగా రంగు వేసి పంపారు. దాని చుట్టూ ఉండాల్సిన 14 చిన్న కెపాసిటర్ల స్థానంలో కూడా ఏ రేటింగూ లేని చౌక సిరామిక్ డిస్కులు ఇచ్చారు.

అమ్మినవాడికి ఫొటోలు, వీడియో పంపితే మొదట ‘మీ దేశంలో వోల్టేజి ఎక్కువ’ అన్నాడు. 220 వోల్టులకే లెక్క వేసి చూపించాను, అప్పుడు కూడా 280 దాటుతుందని. దానికి జవాబు లేదు. కొద్దిగా డబ్బు వెనక్కిస్తాను, ఫిర్యాదు మూసేయమన్నాడు. సరుకు మొత్తం తిరిగి పంపాలంటే ఆ ట్రాన్స్‌ఫార్మర్ బరువుకు కొరియర్ ఖర్చే తడిసి మోపెడవుతుంది, కట్టిన కస్టమ్స్ సుంకం వెనక్కి రాబట్టడం కూడా తేలిక కాదు. వాళ్ల ధైర్యమంతా అక్కడే ఉందని నా అభిప్రాయం. నేను ఫిర్యాదు మూయలేదు. కార్డు ఇచ్చిన బ్యాంకులో డిస్ప్యూట్ (కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమనే ఫిర్యాదు) వేశాను, ఇంకా నడుస్తోంది. మీరు కూడా ప్యాకెట్ విప్పేటప్పుడే వీడియో తీయండి, సైట్‌లో ఫిర్యాదు గడువు దాటకముందే రాతలో పెట్టండి. మన దేశపు అమ్మకందారు అయితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

12 వోల్టుల అడాప్టర్‌తో నడిచే 6జే1 ట్యూబుల చిన్న బోర్డుల గురించి కూడా అడుగుతున్నారు. వాటిలో ఇంత వోల్టేజి ఉండదు కాబట్టి ప్రాణభయం లేదు. అయితే చాలావాటిలో ట్యూబు కింద ఎల్ఈడీ పెట్టి ఎర్రగా వెలిగిస్తారు, ఆ వెలుగు చూసి ధర ఒప్పుకోకండి.

ఇంకా కొనని వాళ్లు డబ్బు కట్టకముందే సర్క్యూట్ డయాగ్రమ్, విడిభాగాల జాబితా వోల్టేజి రేటింగులతో సహా అడగండి. ఇవ్వనివాడి దగ్గర కొనొద్దు. కిట్ ఇప్పటికే చేతికొచ్చి, హై వోల్టేజి పని అలవాటు లేని వాళ్లు పాత వాల్వు రేడియోలు, ట్యూబ్ ఆంప్లిఫయర్లు బాగు చేసేవారికి సప్లై భాగం చూపించండి. 450 వోల్టుల కెపాసిటర్లు హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో నాకు దొరికాయి. కిట్ ధరలో అవి ఏ మూలకూ రావు. పాతవి మాత్రం పారేయకండి, డిస్ప్యూట్‌లో బ్యాంకువాళ్లకు చూపించడానికి పనికొస్తాయి.